చేపల రేవు లెక్కలకు డాష్‌బోర్డు: మన కంప్యూటర్ మీదే కంటైనర్‌లో నడపడం ఎలా?

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | శుక్రవారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది ప్రాజెక్టు కోసం మా పిల్లలు వంతులు వేసుకుని తెల్లవారుజామునే విశాఖ ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, వేలం పాట జరిగే చోట నిలబడి, ఏ బోటు ఏ చేపలు ఎన్ని కిలోలు దించింది, కిలో ఎంతకు పోయింది అన్నది ఫోనులో నమోదు చేశారు. జనవరి నుంచి ఆగస్టు వరకు లెక్కలు ఉన్నాయి. పద్దెనిమిది వేలకు పైగా వరుసలు.

వీటిని చార్టులుగా మార్చి ల్యాబులో అందరూ చూసేలా పెట్టాలి. బయటి వెబ్‌సైటుకు ఎక్కించడం నాకు ఇష్టం లేదు. బోటు యజమానులు మమ్మల్ని నమ్మి ధరలు చెప్పారు, ఆ లెక్కలు మా గది దాటి పోకూడదు. ఇంకో కారణం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటూ నెట్టూ రోజుల తరబడి లేవు. నెట్ ఉంటేనే తెరుచుకునే దాని మీద పిల్లల ఏడాది కష్టాన్ని ఉంచలేను.

ల్యాబులో పన్నెండు కంప్యూటర్లు, ఒక్కోదానికి 8 జీబీ మెమరీ, విండోస్. లెక్కలను చార్టులుగా చూపే సూపర్‌సెట్ అనే ఉచిత ప్రోగ్రాము మంచిదని విని డాకర్ కంపోజ్‌తో పెట్టాను. డాకర్ ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడుపుతుంది, ఏయే కంటైనర్లు కావాలో కంపోజ్ ఫైలులో రాస్తాం. పది నిమిషాలు కంప్యూటర్ కదల్లేదు. తర్వాత చూస్తే కంటైనర్ ఆగిపోయి 137 అని ఉంది. ఆ అంకెకు అర్థం ఏమిటో, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?

తెరచాప, మధురవాడ | శుక్రవారం రాత్రి 10.15

టీచరు గారూ, మీ తప్పు ఏమీ లేదు. 137 అంటే 128కి 9 కలిపిన అంకె. 9 అనేది ప్రోగ్రామును ఉన్నపళంగా చంపేసే సంకేతం. మెమరీ చాలనప్పుడు, డాకర్ కింద నడిచే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, ఎక్కువ తింటున్న ప్రోగ్రామును వెతికి ఆ సంకేతం పంపుతుంది. మీ విషయంలో దాదాపు కచ్చితంగా జరిగింది అదే.

సూపర్‌సెట్ ఒక్క ప్రోగ్రాము కాదు. కంపోజ్ ఫైలు తెరిచి చూడండి: వెబ్ భాగం ఒకటి, దాని సొంత వివరాలకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, తరచూ కావలసినవి చేతికందేలా ఉంచే క్యాషెకు రెడిస్, వెనక పనులకు వర్కర్, వేళకు పనులు మొదలుపెట్టే బీట్, మొదటిసారి అన్నీ సిద్ధం చేసే మరో కంటైనర్. ఇందరూ ఒక గదిలో సర్దుకోవాలి. విండోస్‌లో ఆ గది కూడా చిన్నదే: విండోస్ లోపల లినక్స్‌ను నడిపే డబ్ల్యుఎస్ఎల్‌కు (డాకర్ నడిచేది అందులోనే) మామూలుగా మొత్తం మెమరీలో సగమే దక్కుతుంది. అంటే మీకు 4 జీబీ. పైగా మొదటిసారి నడిపేటప్పుడు అది నమూనా డేటాను నెట్ నుంచి తెచ్చుకుని నింపుతుంది. ఎన్విరాన్‌మెంట్ ఫైలులో సూపర్‌సెట్ లోడ్ ఎగ్జాంపుల్స్ అనే వరుస దగ్గర నో అని పెడితే ఆ బరువైనా తప్పుతుంది.

కానీ మీ అవసరానికి నేను మెటాబేస్ అంటాను. అదీ చార్టులు గీసే సాధనమే. ఒకే జావా ప్రోగ్రాము, ఒకే కంటైనర్, 3000 పోర్టు, అంటే బ్రౌజరు దాన్ని చేరే తలుపు అంకె. డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాష రాని పిల్లలు కూడా నొక్కుకుంటూ పోయి చార్టు గీయగలరు.

లంగరు, గాజువాక | శుక్రవారం రాత్రి 11.05

తెరచాప గారు చెప్పిన మెమరీ లెక్కతో ఏకీభవిస్తాను, కానీ సూపర్‌సెట్‌ను అంత త్వరగా పక్కన పెట్టకండి. 2015లో ఎయిర్‌బిఎన్‌బిలో మాక్సిమ్ బోషెమిన్ హ్యాకథాన్‌లో మొదలుపెట్టినప్పుడు దాని పేరు పనోరమిక్స్, తర్వాత కారవెల్, ఆ తర్వాత సూపర్‌సెట్. 2021లో ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులను నడిపే అపాచీ సంస్థ వారి పూర్తిస్థాయి ప్రాజెక్టు అయింది. చార్టుల రకాల్లో, ఎస్‌క్యూఎల్ రాసేవారికి ఇచ్చే స్వేచ్ఛలో ఉచితంగా దొరికేవాటిలో దానికి సాటి నాకు కనిపించలేదు. 16 జీబీ ఉన్న యంత్రం ఉంటే నేను అదే పెడతాను.

గ్రఫానా అనే మరో చార్టుల సాధనం గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే అంటున్నాను. మా ప్లాంటులో పంపుల ఉష్ణోగ్రత, కంపనం లాంటివి క్షణక్షణం వచ్చే రీడింగులు, వాటికి గ్రఫానాయే సరైనది. వేలంలో ఏ చేప ఎంతకు పోయిందన్న ప్రశ్నకు అది సహజమైన సాధనం కాదు. గ్రఫానాది కూడా 3000 పోర్టే. మెటాబేస్‌తో పాటు పెడితే రెండోది పోర్టు ఖాళీ లేదంటూ ఆగిపోతుంది. అప్పుడు 3000:3000 అన్న పోర్టు వరుసలో ఎడమది, అంటే బయటి వైపు అంకె, మార్చి 3001 అని రాస్తే సరిపోతుంది, లోపలి అంకె జోలికి పోవద్దు.

అసలు ప్రశ్న వేరే ఉంది. పన్నెండు యంత్రాల మీద పన్నెండుసార్లు ఎందుకు? ఒకదాని మీద నడపండి. మిగిలిన పదకొండులో బ్రౌజరు తెరిచి ఆ యంత్రం ఐపీ అడ్రసు, పక్కన పోర్టు కొడితే చాలు. ల్యాబు లోపలి నెట్‌వర్క్ ఉంటే బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు.

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | ఆదివారం సాయంత్రం 6.20

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క యంత్రం అన్న ఆలోచన నాకు తట్టనేలేదు. శనివారం మెటాబేస్ పెట్టాను, ఫైలు నింపాను, పిల్లలు ఆరు చార్టులు గీశారు. చేప రకం వారీగా ధరలు కదలడం తెరమీద చూసి వాళ్ల కళ్లు మెరిశాయి.

ఈరోజు కొత్త వెర్షన్ వచ్చిందని కనిపిస్తే పాతదాన్ని ఆపి కొత్తది నడిపాను. తెరిస్తే "స్వాగతం, మీ పేరు చెప్పండి" అంటోంది. చార్టులు లేవు, ఖాతాలు లేవు. పిల్లలకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఇసుకతోట | ఆదివారం సాయంత్రం 6.32

అమ్మా, దయచేసి ఇక దేన్నీ తొలగించకండి, శుభ్రపరిచే ఆదేశాలు ఏవీ ఇవ్వకండి. ఒక్క మాట చెప్పండి. పాత కంటైనర్‌ను ఆపారా, తొలగించారా? డాకర్ పిఎస్ హైఫన్ ఎ అని కొట్టండి. ఆగిపోయి ఉన్నవి కూడా కనిపిస్తాయి.

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | ఆదివారం సాయంత్రం 6.51

రెండు కనిపిస్తున్నాయి. ఒకటి నడుస్తోంది. రెండోది ఎగ్జిటెడ్ అని ఉంది.

ఇసుకతోట | ఆదివారం రాత్రి 7.10

అయితే మీ చార్టులు బతికే ఉన్నాయి. కొత్తదాన్ని ఆపి, పాతదాన్ని మళ్లీ స్టార్ట్ చేయండి. రెంటికీ పోర్టు ఒకటే కాబట్టి ముందు కొత్తది ఆగాలి.

ఇప్పుడు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. ఇమేజ్ అనేది అచ్చు, కంటైనర్ ఆ అచ్చులోంచి తీసిన బొమ్మ. కంటైనర్‌ను పెళ్లి పందిరి అనుకోండి. గంటలో వేస్తాం, పని అయ్యాక విప్పేస్తాం, రేపు ఇంకోచోట అచ్చం అలాంటిదే వేస్తాం. పందిరి కింద వదిలిన నగలకు పందిరివాళ్లు పూచీ పడరు. నగలు ఇంట్లో బీరువాలో ఉండాలి. ఆ బీరువా పేరే వాల్యూమ్. అది కంటైనర్ బయట ఉంటుంది. పందిరి ఎన్నిసార్లు మార్చినా బీరువా అక్కడే ఉంటుంది.

ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే మెటాబేస్ తన ఖాతాలనూ చార్టులనూ హెచ్2 అనే చిన్న డేటాబేస్ ఫైలులో, కంటైనర్ లోపలే రాసుకుంటుంది. పరీక్షించి చూడటానికి అది చాలు. నిజమైన పనికి పోస్ట్‌గ్రెస్ వాడమని వాళ్ల సూచనల్లోనే ఉంది. కాబట్టి కంపోజ్ ఫైలులో రెండు సేవలు రాయండి: ఒకటి పోస్ట్‌గ్రెస్, రెండోది మెటాబేస్. పోస్ట్‌గ్రెస్ డేటా దాచే డైరెక్టరీకి పేరున్న వాల్యూమ్ తగిలించండి. అందులో రెండు డేటాబేసులు వేరువేరుగా చేయండి: మెటాబేస్ సొంత వివరాలకు ఒకటి, చేపల లెక్కలకు ఒకటి. ఇప్పటి హెచ్2లో ఉన్న చార్టులను మళ్లీ గీయనక్కర్లేదు. మెటాబేస్‌ను ఆపి, డాకర్ సిపి ఆదేశంతో ఆ ఫైలును బయటికి తీసి, లోడ్ ఫ్రమ్ హెచ్2 అనే ఆదేశంతో ఖాళీ పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చుకోవచ్చు. ఆ మార్పిడి పాత వెర్షన్‌తోనే చేయండి. కొత్త వెర్షన్‌కు ఆ తర్వాతే వెళ్లండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. కంపోజ్ డౌన్ అంటే కంటైనర్లు పోతాయి, వాల్యూములు ఉంటాయి. అదే ఆదేశం చివర హైఫన్ వి చేర్చారో, వాల్యూములు కూడా పోతాయి. ఒకే ఒక్క అక్షరం. నేను దాని బారిన పడ్డాను. మూడు వారాల పని మళ్లీ చేయాల్సి వచ్చింది. ఇక ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని రాయకండి, అంకె రాయండి. పోస్ట్‌గ్రెస్ 16 రాసిన డేటాను 17 నేరుగా తెరవలేదు. లేటెస్ట్ అని వదిలేస్తే ఒకరోజు పొద్దున్నే డేటాబేస్ లేవనంటుంది.

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | ఆదివారం రాత్రి 7.28

ఆరు చార్టులూ వచ్చాయి. ఇసుకతోట గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. బీరువా ఈ రాత్రే ఏర్పాటు చేస్తాను.

చినవాల్తేరు విద్యార్థి | సోమవారం ఉదయం 8.05

టీచరు గారి బృందంలో నేనూ ఒకణ్ణి. పోస్ట్‌గ్రెస్ పెట్టాక మెటాబేస్ దానికి కలవలేదు. గంటసేపు పాస్‌వర్డు తప్పనుకుని కొట్టుకున్నాం. చివరికి తెలిసింది: అడ్రసు దగ్గర లోకల్‌హోస్ట్ అని రాశాం. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మన కంప్యూటర్ కాదు. కంపోజ్ ఫైలులో డేటాబేస్ సేవకు ఏ పేరు పెట్టామో ఆ పేరే రాస్తే వెంటనే కలిసింది. ఇదే తిప్పలు పడేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. డేటాబేస్ కంటైనర్‌లో కాకుండా విండోస్ మీదే నేరుగా ఉంటే హోస్ట్ డాట్ డాకర్ డాట్ ఇంటర్నల్ అని రాయాలట.

లంగరు, గాజువాక | సోమవారం ఉదయం 8.40

బాగా పట్టుకున్నావు బాబూ. ఇంకొకటి చూసుకో. మెటాబేస్ సేవ పేరుతోనే కలుస్తోంది కాబట్టి పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టును బయటికి తెరవనక్కర్లేదు, ఆ వరుసే తీసెయ్. తెరవక తప్పకపోతే ముందు 127.0.0.1 చేర్చు, ఆ యంత్రానికే పరిమితమవుతుంది. లినక్స్ వాడేవారు ఇది మరీ గమనించాలి. డాకర్ తెరిచిన పోర్టుకు, బయటివారిని ఆపే యుఎఫ్‌డబ్ల్యు ఫైర్‌వాల్ నియమాలు అడ్డురావు. ఫైర్‌వాల్ మూసి ఉందని మనం నిశ్చింతగా ఉంటాం, తలుపు తెరిచే ఉంటుంది.

సూపర్‌సెట్ వాడేవారికి ఇలాంటిదే ఒక హెచ్చరిక: దానితో పాటు వచ్చే సీక్రెట్ కీని, అంటే రహస్య తాళం లాంటి అక్షరాల వరుసను, మొదటిరోజే మార్చాలి. అందరికీ తెలిసిన ఆ పాత కీతోనే నడుస్తున్న సర్వర్లలోకి ఎవరైనా అడ్మిన్‌గా దూరిపోవచ్చని 2023లో బయటపడింది. మార్చిన కీని భద్రంగా రాసి పెట్టుకోవాలి. అది పోతే లోపల దాచిన డేటాబేస్ పాస్‌వర్డులను విప్పలేరు.

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | మంగళవారం రాత్రి 8.30

యంత్రం చక్కగా నడుస్తోంది, కానీ చార్టు అబద్ధం చెబుతోంది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మేం ఎవరమూ హార్బరుకు వెళ్లలేదు. ఒక్క నమోదు కూడా లేదు. అయినా రోజువారీ చార్టులో కనుమ నాడు చేపలు దిగినట్టు ఉంది. మామూలు రోజుల కంటే తక్కువే, కానీ ఉంది. అసలు ఫైలు రెండుసార్లు చూశాను. ఆ తేదీతో వరుసలే లేవు. ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

తెరచాప, మధురవాడ | మంగళవారం రాత్రి 9.10

మీ పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికి వెళతారు కదా? ఫోనులోని యాప్ సమయాన్ని ఏ కాలమానంలో దాస్తోంది?

చినవాల్తేరు విద్యార్థి | మంగళవారం రాత్రి 9.48

దొరికింది! యాప్ సమయాన్ని యుటిసిలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, దాస్తోంది. కంటైనర్ కూడా యుటిసిలోనే ఉంది. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందు. కనుమ మర్నాడు నేను 4.10కి రాసిన బోటు, యుటిసి ప్రకారం కనుమ రాత్రి 10.40. అందుకే కనుమ ఖాతాలో పడింది. ఉదయం 5.30 తర్వాత రాసినవి మాత్రం సరైన తేదీలోనే ఉన్నాయి. అందుకే ఆ రోజు తక్కువగా కనిపించింది.

అంటే ఒక్క కనుమే కాదు. ఎనిమిది నెలల్లో మేం నమోదు చేసిన ప్రతి రోజూ తెల్లవారుజాము సరుకు ముందురోజు లెక్కలోకి జారిపోయింది. సెలవు వచ్చింది కాబట్టి బయటపడింది.

తెరచాప, మధురవాడ | మంగళవారం రాత్రి 10.02

సరిగ్గా అదే. మెటాబేస్ అడ్మిన్ పేజీలో లోకలైజేషన్ కింద రిపోర్ట్ టైమ్‌జోన్ ఉంటుంది, దాన్ని ఆసియా కోల్‌కతాకు మార్చండి. అయితే ఒక షరతు. పోస్ట్‌గ్రెస్‌లో సమయం రాసిన కాలమ్ కాలమండలంతో కూడిన టైమ్‌స్టాంప్ రకంగా ఉంటేనే ఆ మార్పు దానికి వర్తిస్తుంది. మామూలు టైమ్‌స్టాంప్ అయితే ఉన్నదాన్ని ఉన్నట్టే చూపిస్తుంది. కాబట్టి ముందు కాలమ్ రకం సరిచూసుకోండి.

తెల్లవారుజాము పనులున్న ఏ రంగానికైనా ఈ పొరపాటు పొంచి ఉంటుంది. పాల కేంద్రాలు, కూరగాయల మార్కెట్లు, పేపరు ఏజెన్సీలు. ఆఫీసు వేళల్లో జరిగే పనులకు ఎప్పటికీ తెలియదు.

జాలారిపేట | బుధవారం ఉదయం 7.15

ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను, ఇప్పుడే సభ్యుడినయ్యాను. నిన్న మా తమ్ముడు ల్యాబు చార్టును ఫోనులో చూపించాడు. వాడు టీచరు గారి విద్యార్థి. అందులో ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు గీత ఏటవాలుగా హాయిగా సాగిపోయింది.

టీచరు గారూ, ఆ రోజుల్లో మా నాన్న బోటు రేవులో కట్టేసి ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు కదలకూడదు. ఆ రెండు నెలలు ఇళ్లు ఎలా గడుస్తాయో మాకు తెలుసు. మీ గీత మాత్రం ఆ రెండు నెలలూ రోజూ సరుకు దిగిందంటోంది. రేపు ఎవరైనా పెద్దలు దీన్ని చూసి నిషేధ కాలంలో కూడా బోట్లు వెళుతున్నాయని అనుకుంటే ఎవరు జవాబు చెబుతారు?

ఇంకొకటి. మీ జాబితాలో కోనెం, వంజరం వేరువేరు చేపలుగా ఉన్నాయి. రెండూ ఒకటే. రాసిన పిల్లవాడి ఇంట్లో ఏ పేరు అలవాటో ఆ పేరు రాశాడు.

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | బుధవారం మధ్యాహ్నం 1.10

చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ కాలంలో మేం హార్బరుకు వెళ్లనేలేదు, అందుకే వరుసలు లేవు. లేనిచోట గీత ఎలా వచ్చింది?

ఇసుకతోట | బుధవారం మధ్యాహ్నం 1.45

గీత చార్టులో విలువలు లేని తేదీలకు ఏం చేయాలన్నది మెటాబేస్‌లో ఒక అమరిక. చార్టు సెట్టింగుల్లో ఆ గీతను ఎంచుకుంటే "లేని విలువల స్థానంలో" అన్న చోట మూడు దారులు ఉంటాయి: సున్నా, ఖాళీ, అటూ ఇటూ ఉన్న బిందువులను కలిపే సరళరేఖ. మీ దగ్గర మూడోది ఉంది. ఏప్రిల్ 14నూ జూన్ 15నూ కలిపి గీసింది.

సున్నా పెట్టమని చాలామంది అంటారు. నేను వద్దంటాను. సున్నా అంటే వెళ్లాం, చూశాం, ఏమీ రాలేదు అని. మీరు వెళ్లలేదు. పైగా మోటారు లేని సంప్రదాయ తెప్పలకు నిషేధం వర్తించదు, అవి ఆ రోజుల్లోనూ ఎంతో కొంత తెచ్చే ఉంటాయి. కాబట్టి ఖాళీ పెట్టండి. గీత ఏప్రిల్‌లో తెగి జూన్‌లో మొదలవ్వాలి. పక్కన "వేట నిషేధ కాలం, నమోదు జరగలేదు" అని తెలుగులో ఒక వాక్యం రాయండి.

చేపల పేర్లకు రెండు నిలువు వరుసల పట్టిక ఒకటి చేసి పోస్ట్‌గ్రెస్‌లో పెట్టండి: రాసిన పేరు, అసలు పేరు. చార్టులన్నీ దాని మీదుగా వెళ్లాలి. పిల్లలు రాసినదాన్ని మాత్రం దిద్దకండి, అది సాక్ష్యం. ఆ పట్టిక జాలారిపేట గారి ఇంట్లో కూర్చుని చేస్తే ఇంకా మంచిది.

జాలారిపేట | బుధవారం మధ్యాహ్నం 2.20

తప్పకుండా రండి. అమ్మకు కవళ్ల చేపల్లోనే ఎన్ని రకాలో తెలుసు.

లంగరు, గాజువాక | బుధవారం రాత్రి 9.00

తెలుగు ప్రస్తావన వచ్చింది కాబట్టి రెండు అనుభవాలు. ఎక్సెల్ నుంచి సిఎస్‌వి (కామాలతో విడదీసిన సాదా ఫైలు) తీసేటప్పుడు యుటిఎఫ్-8 అని ఉన్న రకమే ఎంచుకోండి, లేకపోతే చందువ, కానాగంతలు లాంటి చేపల పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారి డేటాబేస్‌లో చేరతాయి. ఒకసారి అలా చేరాక వెనక్కి రావు.

రెండోది, సూపర్‌సెట్‌లో డాష్‌బోర్డు బ్రౌజరులో చక్కటి తెలుగులో ఉండేది, కానీ వారం వారం ఈమెయిలులో వెళ్లే బొమ్మలో అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు. కారణం తేలికే. మనం చూసేటప్పుడు ఫాంటు మన కంప్యూటర్‌ది. ఈమెయిలు బొమ్మను కంటైనర్ లోపల తెర లేని బ్రౌజరు తీస్తుంది, అక్కడ తెలుగు ఫాంటే లేదు. మా సొంత ఇమేజ్ కట్టే ఫైలులో డెబియన్ తెలుగు ఫాంట్ల ప్యాకేజీని ఒక్క వరుసలో చేర్చాక గళ్లు పోయాయి.

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | గురువారం ఉదయం 10.25

మరో రెండు సందేహాలు. నెట్ లేని చోట, అంటే జాలారిపేట గారి ఇంటి దగ్గరి హాలులో దీన్ని చూపించాలంటే ఎలా? డాకర్ డెస్క్‌టాప్‌కు డబ్బు కట్టాలని ఒకరు భయపెట్టారు, నిజమేనా?

తెరచాప, మధురవాడ | గురువారం ఉదయం 11.00

విద్యకు ఉచితమే. 250 మందికి మించిన ఉద్యోగులు లేదా కోటి డాలర్లకు మించిన ఆదాయం ఉన్న సంస్థలకు చందా ఉంటుంది. అలాంటి చోట పనిచేసే నేను డాకర్‌కు బదులు పాడ్‌మన్ వాడతాను, ఆదేశాలు దాదాపు అవే.

నెట్ లేని చోటికి: ఇక్కడే డాకర్ సేవ్‌తో రెండు ఇమేజ్‌లనూ ఒక ఫైలుగా చేసి పెన్‌డ్రైవులో వేసుకోండి. అక్కడ డాకర్ లోడ్. మీ ల్యాప్‌టాప్ ఏ రకం ప్రాసెసరో మాత్రం చూసుకోండి. యాపిల్ ఎం రకం యంత్రంలో దించిన ఇమేజ్ ఇంటెల్ యంత్రంలో లేవదు, ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అంటుంది. దించేటప్పుడే ప్లాట్‌ఫామ్ లినక్స్ ఎఎండి64 (ఇంటెల్ రకానికి ఇదే పేరు) అని చెప్పాలి. లెక్కలను, డేటాబేస్‌ను ఫైలుగా మార్చే పిజి డంప్‌తో తీసి అదే పెన్‌డ్రైవులో పెట్టుకోండి. మ్యాపు చార్టు చూపించాలని ఉంటే ఆశ పెట్టుకోకండి, వెనక కనిపించే పటం ముక్కలు నెట్ నుంచే వస్తాయి. బిందువులు ఉంటాయి, ఊరు ఉండదు.

గణాంకాల టీచరు, ఎం.వి.పి. కాలనీ | ఆదివారం రాత్రి 9.15

ఈ సాయంత్రం జాలారిపేటలో చూపించాం. వెళ్లే ముందు ఇంకో కంప్యూటర్ మీద ఏమీ లేని స్థితి నుంచి పెన్‌డ్రైవుతోనే మొత్తం నిలబెట్టి చూశాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కనుమ నాడు ఇప్పుడు ఏమీ లేదు. చినవాల్తేరు అబ్బాయి 4.10కి రాసిన బోటు మర్నాడే ఉంది.

గీత ఏప్రిల్‌లో తెగిన చోట ఒక పెద్దాయన లేచి వచ్చి తెర మీద వేలు పెట్టి, "ఇది మేం ఒడ్డున కూర్చున్న కాలం" అని పక్కనున్న పిల్లవాడికి చెప్పారు. పేర్ల పట్టికలో జాలారిపేట గారి అమ్మగారు పదిహేడు సవరణలు చేశారు. వచ్చే నెల నుంచి తెప్పల లెక్కలు కూడా రాయమని అడిగారు. ఆదివారాలు వాళ్ల తమ్ముడు రాస్తానన్నాడు.